పాఠం ఎలా పోయినా పర్లేదు, అప్‌లోడ్ అయితే చాలు

టీచర్ల డిజిటల్ పోర్ట్‌ఫోలియో, అంటే లెసన్ ప్లాన్లు, ఫోటోలు, పిల్లల పేపర్లు ఆన్‌లైన్లో పెట్టే ఫోల్డర్, అనగానే కొందరు ఊరికే ఏడుస్తారు గానీ అదెంత గొప్ప సంస్కరణో ఇకనైనా ఒప్పుకోవాలి. ఇదివరకు టీచర్ ఎలా చెప్తున్నారో తెలియాలంటే పాపం ఎవరో ఒకరు క్లాసు వెనక బెంచీలో కూర్చుని చూడాల్సొచ్చేది, ఇప్పుడా శ్రమ లేదు, లింక్ పంపిస్తే చాలు.

అసలు ఐడియా వేరేలెండి. 1980ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ బృందం టీచర్ పోర్ట్‌ఫోలియోని ప్రయోగించి చూసినప్పుడు లెసన్ ప్లాను, పిల్లలు రాసిన పేపర్లు అన్నీ ముందు పెట్టుకుని, ఎక్కడ బెడిసికొట్టిందో టీచర్ రాసుకోవాలి, తోటివాళ్ళతో మాట్లాడుకోవాలి అన్నారు. 1998లో ఆయనే ప్రమాదాలు కూడా చెప్పాడు: ఇది తళతళలాడే ఎగ్జిబిషన్ అయిపోవచ్చు, మోయలేనంత చాకిరీ కావచ్చు, పనికిరానివాటితో నిండిపోవచ్చు అని. ఆయన హెచ్చరిక రాస్తే మనవాళ్ళు యూజర్ మాన్యువల్ అనుకున్నారు.

ఇక పోర్ట్‌ఫోలియోలో, పాఠం ఎలా జరిగిందో టీచర్ తనే రాయాల్సిన రిఫ్లెక్షన్ బాక్సు ఉంది చూశారూ, తెలుగు గద్యంలో అదొక కొత్త ప్రక్రియ. "ఈ పాఠంలో లోపాలేంటి?" అంటే "పిల్లల ఉత్సాహం ఎక్కువై టైం సరిపోలేదు" అని రాయాలి. భిన్నాలకీ ఇదే, కిరణజన్య సంయోగక్రియకీ ఇదే, కాపీ పేస్టు. ఫోటోల్లో పిల్లల మొహాలు బ్లర్ చేయాలి, ప్రైవసీ కోసమే, ఎవరు నిద్రపోతున్నారో కనిపించకపోవడం బోనస్.

మరి "సగం మందికి అర్థం కాలేదు, నేను చెప్పిన ఉదాహరణే తప్పు" అని ఎవరూ రాయరేంటి అంటారా? ఇంక్రిమెంట్ ఇచ్చేవాళ్ళే చదివే ఫోల్డర్లో ఎవడైనా రాస్తాడా అండీ! కొందరు అమాయకులు ఫోల్డర్లు రెండుండాలి, ఒకటి టీచరూ నమ్మకమున్న తోటివాళ్ళూ చూసుకునేది, రెండోది టీచర్ తనే ఏరి పైవాళ్ళకి చూపించేది అంటారు. 2006లో న్యూజిలాండ్‌లో మొదలైన మహారా లాంటి సాఫ్ట్‌వేర్లలో ఏ పేజీ ఎవరు చూడాలో మనమే పెట్టుకునే సెట్టింగు ఉంది కూడా. కానీ అది వాడితే టీచర్లు నిజం రాసేస్తారు, రాసినదాని మీద మాట్లాడుకుంటారు, వచ్చేసారి పాఠం మార్చేస్తారు, డ్యాష్‌బోర్డులో పచ్చగా ఉన్న గడులన్నీ ఎర్రబడతాయి, ఆ జవాబు ఎవరు చెప్తారు?

అందుకే నాదొక సవినయ ప్రతిపాదన. పిల్లలు ఫోటోల రోజున వస్తే చాలు, మిగతా రోజుల్లో టీచర్లు డిస్టర్బెన్స్ లేకుండా ట్యాగులు పెట్టుకుంటారు.