నాలుగో వైరాగ్యం

మన పెద్దలు నిలకడలేని వైరాగ్యాన్ని మూడు రకాలుగా విభజించి, పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని పేర్లు పెట్టి ఊరుకున్నారు. హరిదాసుగారు మంగళం పాడి పళ్ళెం తిప్పేసరికి మొదటిదీ, బిడ్డ ముఖం చూడగానే రెండోదీ, కాటి నుంచి వచ్చి స్నానం చేసి కాఫీ అడిగేసరికి మూడోదీ వదిలిపోతాయని అనుభవం మీద తేల్చారు. ఆ వర్గీకరణలో దోషమేమీ లేదు గాని, అది జరిగిన నాటికి శంషాబాదులో విమానాశ్రయం లేదు. 2008లో అది వచ్చాక జంటనగరాల్లో విజృంభించిన నాలుగో రకాన్ని గుర్తించి, పేరు పెట్టి, దాని ఆయుర్దాయాన్ని కొలిచే పనికి శాస్త్రకారులెవరూ ముందుకు రానందున, అర్హత లేకపోయినా నేను పూనుకోవలసి వచ్చింది. దీనిని విమాన వైరాగ్యం అంటాను. నా పరిశోధనకు ఆధారమైన రోగి, క్షమించాలి, సాధకుడు, చిక్కడపల్లిలో నివాసముంటున్న మా బావగారు.

బావగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. సొంత ఊళ్ళో ప్రహరీగోడ తమ వైపుకు జానెడు జరిగిందన్న విషయమై తమ్ముడితో పన్నెండేళ్ళుగా దావా నడుపుతున్నారు. రెండేళ్ళ క్రితం జూన్ నెలలో మా అక్కను వెంటబెట్టుకుని స్విట్జర్లాండు వెళ్ళారు. మూడో రోజు ఉదయం, బ్రియెంజ్ సరస్సు ఒడ్డున, హోటల్ వైఫై అందే దూరంలో ఉన్న బెంచీ మీద ఆయనకు జ్ఞానం కలిగింది. ఆ సమయానికి ఇక్కడ తొమ్మిది దాటింది. ఆ రోజు మా వీధిలో నీళ్ళు వదిలే రోజు కావడంతో నేను సంపు మూత తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, ధార సన్నగా ఎందుకు వస్తోందా అని లోపలికి తొంగి చూస్తున్నాను. ఫోను మోగింది.

"ఏమోయ్, అంతా ఒక్కటేనోయ్!" అన్నారు బావగారు గద్గద స్వరంతో.

"ఏది బావగారూ?"

"అంతానూ. నువ్వూ నేనూ, ఈ సరస్సూ, ఆ గట్టు మీద ఆవూ, దేనికీ భేదం లేదు. ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయాను."

"చాలా సంతోషం బావగారూ. అయితే ఆ గోడ దావా వెనక్కి తీసుకుంటున్నామని లాయరుగారికి చెప్పమంటారా?"

అవతల కాసేపు మాట లేదు. ఆవు మెడలోని గంట మాత్రం నాలుగుసార్లు స్పష్టంగా వినబడింది.

"గోడ వేరు," అన్నారు బావగారు.

అద్వైతంలో గోడలకు మినహాయింపు ఉన్నట్టు శంకరులు ఎక్కడా చెప్పినట్టు లేదు. అయినా పెద్దవారి అనుభవాన్ని కొట్టిపారేయడం మర్యాద కాదు గనుక, దానికి కారణాలేమిటో శ్రద్ధగా విచారించాను. తెల్లవారుజామున సరిగ్గా మూడున్నరకు ఏదో దివ్యశక్తి తనను తట్టి లేపిందని బావగారు చెప్పారు. వేసవిలో అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక నడుస్తుంది. చిక్కడపల్లిలో ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఉదయం ఏడింటికి లేస్తున్నారు. అంటే ఆ శక్తి చిక్కడపల్లి నుంచే వెంట వచ్చిందనీ, అక్కడి వేళకు తన పని తాను చేసిందనీ లెక్క తేలుతుంది. ముందు రోజు యుంగ్‌ఫ్రౌయోక్ అనే మంచు కనుమ దగ్గర "నేను" అనేది కరిగిపోతున్నట్టు అనిపించిందని కూడా సెలవిచ్చారు. 1912 నుంచి రైలు నేరుగా అక్కడికే పోతోంది గనుక ఆయన అరగజమైనా ఎక్కకుండానే 3,454 మీటర్ల ఎత్తుకు చేరారు. అంత ఎత్తున మనిషికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో సుమారు మూడింట రెండు వంతులు. మిగిలిన మూడో వంతే అహంకారమై ఉంటుందని అనుకోవడానికి అభ్యంతరం లేదు.

కానీ అసలు కారణం ఇవేవీ కావని నా అభిప్రాయం. రోమింగ్ ప్యాక్ ఖరీదు విని బావగారు దాన్ని వేయించుకోలేదు. అందువల్ల హోటల్ గడప దాటితే, సెల్‌ఫోను చేతికి వచ్చిన నాటి నుంచీ మొట్టమొదటిసారిగా, ఆయనను ఎవరూ పిలవలేకపోయారు. గోడ లాయరు పిలవలేదు. లిఫ్టు మరమ్మతుకు తలకెంత పడుతుందో చెప్పడానికి అపార్ట్‌మెంట్ కార్యదర్శి పిలవలేదు. పర్సనల్ లోను కావాలా సార్ అని అడిగే అమ్మాయి పిలవలేదు. పనిమనిషి రాకపోతే ఆ బాధ హోటల్ వారిది. ఇట్టి స్థితిలో ఎవరిని కూర్చోబెట్టినా, ఎదురుగా సరస్సు ఉన్నా, సంపు ఉన్నా, ఒకటి రెండు ఉపనిషద్వాక్యాలు వాటంతట అవే తడతాయి. బావగారి కంట నీరు తెప్పించిన ఆ ఆవు సంగతీ అంతే. అటువంటి ఆవులు ఆయన ఇంటి మలుపులో, డివైడరు మీద, అంతకన్నా లోతైన ధ్యానంలో రోజూ మూడు కూర్చుంటాయి. వాటిని చూసి ఆయన ఇంతవరకు హారను తప్ప మరేమీ మోగించలేదు.

ఇది మనవారికి మాత్రమే వచ్చే అవస్థ అనుకోరాదు. యెరూషలేముకు వెళ్ళిన యాత్రికుల్లో కొందరికి పూనకం వంటిది వస్తుందని అక్కడి మానసిక వైద్యులు 2000లో ఒక వ్యాసం ప్రకటించారు. 1980 నుంచి 1993 వరకు సుమారు 1,200 మందిని క్ఫార్ షావుల్ ఆసుపత్రికి పంపగా 470 మందిని చేర్చుకున్నారట. వారిలో అంతకు ముందు ఏ మానసిక జబ్బూ లేనివారు 42 మంది. వీరు బృందం నుంచి విడిపోతారు, పదేపదే స్నానం చేస్తారు, హోటల్ పక్కదుప్పటిని తెల్లని అంగవస్త్రంగా చుట్టుకుని వీధిలోకి వచ్చి ఉపదేశం మొదలుపెడతారు. అయిదు నుంచి ఏడు రోజుల్లో మామూలు మనుషులై సిగ్గుపడతారు. మన యాత్రికులకు ఆ ప్రమాదం తక్కువ. మనవారి చేతికి చిక్కిన హోటల్ వస్త్రం ఒంటి మీదికి కాక పెట్టెలోకి వెళుతుంది.

బావగారి విషయంలో నివారణకు అన్ని రోజులు పట్టలేదు. తీసుకురావడానికి నేనే శంషాబాదు వెళ్ళాను గనుక చేతిగడియారం పెట్టుకుని గమనించాను. విమానం దిగి ఇమిగ్రేషను వరుసలో నిలుచున్నంతసేపూ చిరునవ్వు చెక్కుచెదరలేదట. సామాను బెల్టు దగ్గర ఎవరిదో ట్రాలీ మడమకు తగిలినప్పుడు కూడా "పోనీలే పాపం" అన్నారని అక్క సాక్ష్యం చెప్పింది. ఆరాంఘర్ దగ్గర పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాం. నేల మీది జనానికి అంత ఎత్తున, 11.6 కిలోమీటర్ల పొడవునా, బావగారు కిటికీలోంచి కిందికి చూస్తూ, వీళ్ళంతా ఎందుకిలా పరుగెత్తుతున్నారో అని జాలిపడ్డారు. మెహిదీపట్నంలో దిగాం. ఎదురు దిశలో వస్తున్న ఒక బైకు మా కారు అద్దాన్ని రాసుకుంటూ పోవడమే గాక, దాని మీది కుర్రాడు మమ్మల్నే కళ్ళు తెరిచి నడపమన్నాడు. బావగారు అద్దం దించి, తల బయట పెట్టి, ఆ కుర్రాడి పుట్టుపూర్వోత్తరాల గురించి మాట్లాడిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు. విమానం నేల తాకినప్పటి నుంచి గంటా నలభై నిమిషాలు. శ్మశాన వైరాగ్యం కన్నా ఇది కాస్త గట్టి సరుకేనని ఒప్పుకోవాలి.

సముద్రం దాటినవాడు పతితుడని ధర్మసూత్రకారుడు బోధాయనుడు చెప్పిన దేశం మనది. 1888లో గాంధీగారు చదువుకోసం లండన్ వెళ్ళబోతే కులపెద్దలు వెలివేశారు. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో వివేకానందుడు పడమటి దేశాలకు తానెందుకు వెళుతున్నాడో చెప్పినప్పుడు కూడా, ఇక్కడిది అక్కడికి మోసుకుపోయే పద్ధతిలోనే చెప్పాడు. ఇప్పుడు సరుకు ఎదురు దిశలో వస్తోంది. మనిషికి 23 కిలోలు దాటరాదన్నది ఒక్కటే నియమం.

నిరుడు బావగారికి జబ్బు తిరగబెట్టింది. ఈసారి జపానులోని క్యోటో. అక్కడ ర్యోఆంజి అనే జెన్ బౌద్ధ ఆలయంలో గులకరాళ్ళ మధ్య 15 బండలుంటాయి. వసారాలో ఎక్కడ కూర్చున్నా కనీసం ఒకటి కనబడదు. ఆ కనబడని రాయే శూన్యమని బావగారు గ్రహించారు. ఇక్కడ ఒక చిన్న మనవి. జెన్ సంప్రదాయం వారు చెప్పుకునే 28 మంది భారతీయ గురువుల్లో పద్నాలుగోవాడు నాగార్జునుడు, శూన్యవాదానికి పెద్ద దిక్కు. ఆయన పేరున్న కొండ హైదరాబాదుకు 150 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. 1955లో పునాది వేసిన ఆనకట్ట వెనక నీళ్ళు నిండి అది ద్వీపమైంది. బావగారు ఉద్యోగరీత్యా నాలుగేళ్ళు ఆ నాగార్జునసాగర్‌లోనే ఉన్నారు. కొండకు లాంచీ పోతుందని తెలుసు, ఎక్కలేదు. గేట్లెత్తినప్పుడల్లా చుట్టాలను తీసుకెళ్ళి, నీళ్ళు చూపించి, చేపల వేపుడు తినిపించి పంపారు. శూన్యం పక్క కొండ మీదే ఉన్నా, దానికి టికెట్టు మరీ చవక కావడంతో నమ్మకం కుదరలేదేమో! మరొక విశేషం కూడా చెప్పాలి. ఆ జపాను తోట చుట్టూ పాతకాలపు మట్టి ప్రహరీ ఉంది. బావగారు తీసుకొచ్చిన ఫోటోలన్నిటిలోనూ బండలు ఓ మూలకు పోయి గోడే ప్రధానంగా ఉంది. కొలతలు కూడా సుమారుగా రాసుకొచ్చారు.

ఈ ఏడు స్పెయిన్‌లో శాంటియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి కాలినడకన వెళ్ళాలని నిశ్చయించారు. కనీసం 100 కిలోమీటర్లు నడిచి, దారిలో రోజుకు రెండు ముద్రలు వేయించుకుంటే, పేరును లాటిన్‌లో రాసి పత్రం ఇస్తారట. కూరగాయలకు ఆటో పిలిచే మనిషి ఇందుకు సిద్ధపడడం ఆశ్చర్యమే గాని, అంతకన్నా ఆశ్చర్యం ఆ వీసా దరఖాస్తు. బంధాలు తెంచుకోవడానికి పోయేవాడు తనకు ఇక్కడ గట్టి బంధాలున్నాయనీ, తప్పక తిరిగి వస్తాడనీ కాగితాలతో రుజువు చేయాలి. ధనం అశాశ్వతమని తెలుసుకోబోయేవాడు బ్యాంకు లెక్కలు జతచేయాలి. దేహం అశాశ్వతమని తెలుసుకోబోయేవాడు దానికి 30,000 యూరోలకు తక్కువ కాని బీమా చేయించాలి. అందులో, చనిపోతే శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చు కూడా కలిసి ఉండాలి. ఇదంతా చేసినా 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండనివ్వరు. ఆరేళ్ళు తపస్సు చేసిన సిద్ధార్థుడు ఈ నిబంధన కింద దొరికి ఉంటే, బోధివృక్షం దాకా రాకుండానే తిప్పి పంపేవారు.

అందుచేత మొన్న శుక్రవారం తెల్లవారుజామున బావగారు నన్ను వెంటబెట్టుకుని చిలుకూరు వెళ్ళారు. దేవుణ్ణి వెతకడానికి వెళ్ళే వీసా కోసం దేవుణ్ణే అడగడంలో ఆయనకు ఇబ్బందేమీ కనబడలేదు. అక్కడ హుండీ లేదు. కోరుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. నడక అలవాటు కోసమని నన్ను కూడా తిప్పారు. ముందు ఒక ఇంజనీరింగ్ కుర్రాడు, చేతిలో కార్డు, చెవి మీద పెన్ను, ఒక్కో చుట్టుకూ ఒక్కో గడి కొట్టేస్తూ పరుగులాంటి నడక నడుస్తున్నాడు. అతనిది మొక్కు చెల్లింపు, డెబ్బై ఎన్నో చుట్టు. ఏడో చుట్టులో బావగారు ఆయాసంతో కాస్త ఆగితే అతనూ మర్యాదకు ఆగాడు.

"ఏ దేశం అంకుల్?"

"స్పెయిన్, బాబూ."

"జాబా?"

బావగారు చొక్కా అంచుతో చెమట తుడుచుకుని, గాలి పీల్చుకుని, "మోక్షం" అన్నారు.

కుర్రాడు తన గడి కొట్టేసుకుంటూ ఒక్క క్షణం ఆలోచించాడు.

"దానికి స్లాట్లు దొరుకుతున్నాయా అంకుల్?"