డేటా షీట్‌లో కొలువున్న ‘ఎన్.ఏ.’ గారికి

మహారాజశ్రీ ఎన్.ఏ. (నాట్ అప్లికబుల్, అంటే ‘వర్తించదు’) గారికి,

ఉభయకుశలోపరి. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. ప్రెషర్ వెసెల్ (ఒత్తిడిని తట్టుకునే ఫ్యాక్టరీ ట్యాంకు) ఫైలు ఏది తెరిచినా, ఒత్తిడీ వేడీ పదేపదే మారుతుంటాయా అని అడిగే ‘సైక్లిక్ సర్వీస్’ గడిలో కాలు మీద కాలేసుకుని కనిపిస్తూనే ఉన్నారు. డిజైన్ ప్రెషర్ మారుతుంది, టెంపరేచర్ మారుతుంది, చివరికి పెయింటు రంగు కూడా మారుతుంది. తమరు మాత్రం మారరు. వెసెల్ జీడిమెట్లలో దిగినా, పాశమైలారంలో దిగినా, పరవాడలో దిగినా తమరు ముందే అక్కడ ఉంటారు.

తమరి జన్మవృత్తాంతం అందరికీ తెలిసిందే. పాత ఆర్డరు ఫైలు తీస్తారు, ట్యాగ్ నంబరు మారుస్తారు, కెపాసిటీ మారుస్తారు, తమరిని అలాగే ఉంచేస్తారు. తయారుచేసేవాడికి తెలియదా అని కొనేవాడి ధీమా. కొనేవాడే రాసిచ్చాడు కదా అని తయారుచేసేవాడి ధీమా. ఇన్‌స్పెక్టరేమో షీట్‌లో ఏముందో అదే చూస్తాడు. మూడు సంతకాలు పడ్డాక తమరిని కదిలించడం బ్రహ్మతరం కూడా కాదు.

ఇంతకీ ఏది వర్తించదంటున్నారు? మందుల ఫ్యాక్టరీలో బ్యాచ్ రియాక్టర్ సంగతే చూడండి. చుట్టూ లింపెట్ కాయిల్, అంటే వెసెల్ గోడకు (షెల్‌కు) బయట చుట్టి వెల్డు చేసిన సగం పైపు. ముందు అందులోకి మూడున్నర కేజీల ప్రెషర్‌లో స్టీమ్, అంటే దాదాపు 148 డిగ్రీలు. రియాక్షన్ అవగానే కూలింగ్ వాటర్. ఆపైన, షిఫ్టు అయిపోతోందని తొందరగా, మైనస్ డిగ్రీల్లో ఉన్న బ్రైన్ (ఉప్పునీరు). కాయిల్ ముడుచుకుందామంటుంది, వెనకున్న షెల్ ఇంకా వేడిగా ఉండి వద్దంటుంది. ఆ తగువంతా రెండింటినీ కలిపిన సన్నటి ఫిల్లెట్ వెల్డు (రెండు ముక్కలు కలిసే మూలన వేసే అతుకు) మీదే తేలుతుంది. రేపు మళ్లీ ఇదే. ఎల్లుండి మళ్లీ ఇదే. ఈ తిరగడాన్ని సైకిల్ అనకపోతే ఇంకేమనాలో తమరే సెలవియ్యాలి.

ప్రెషర్ వెసెళ్లకు అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం రాసిన కోడ్, ఏఎస్ఎంఈ సెక్షన్ 8 డివిజన్ 1, ఈ మాట మరిచిపోలేదు. వెసెల్ మీద పడే లోడుల జాబితాలో సైక్లిక్‌నూ చేర్చింది. కాకపోతే లెక్క చేసే పద్ధతి డివిజన్ 2లో ఉంటుంది, అంతదాకా వెళ్లే ఓపిక ఎవరికుంది? వెళ్తే అక్కడ ఒక మినహాయింపు కనిపిస్తుంది. మామూలు కార్బన్ స్టీలు లాంటివాటికి, అన్నీ కలిపి 1000 సైకిళ్లు దాటకపోతే ఫటీగ్ (పదేపదే ఊగి లోహం అలిసి పగలడం) లెక్క అక్కర్లేదు. ఫిల్లెట్ వెల్డుతో అతికించినవి ఉంటే ఆ కోటా 400కు పడిపోతుంది. పైగా పక్కపక్క చోట్ల మధ్య ఉష్ణోగ్రత తేడా నూరు డిగ్రీలైతే ఒక్క మార్పును నాలుగుగా వేసుకోమంటుంది. రోజుకు ఒక్క బ్యాచ్ నడిపినా, ఆ తేడా నిజంగా ఉంటే, నూరు రోజుల్లో కోటా ఖతం. కోటా అయిపోగానే వెసెల్ పగిలిపోదు, కూర్చుని లెక్క చేయాల్సి వస్తుంది అంతే. తమరి దయవల్ల ఆ కూర్చోవడమూ తప్పింది.

లెక్కంటే బ్రహ్మవిద్య కాదు. 1945లో మైనర్ అనే అమెరికన్ ఇంజినీరు అందరికీ అందేలా రాసిపెట్టాడు. ఒక్కో స్ట్రెస్ (లోహంలో పుట్టే ఒత్తిడి) దగ్గర పడిన సైకిళ్లను, ఆ స్ట్రెస్‌కు తట్టుకోగల సైకిళ్లతో భాగించి అన్నిటినీ కూడమన్నాడు. మొత్తం ఒకటైతే ఆయుష్షు తీరినట్టే. ఆయన పరీక్షించిన ముక్కల్లోనే కొన్ని ఒకటికి ముందు విరిగాయి, కొన్ని దాటాక విరిగాయి. అది వేరే చర్చ. తమరి చలవతో మాకు ఆ చర్చే లేదు. పైన సున్నా ఉన్నప్పుడు కింద ఏముంటేనేం? మా వెసెళ్లన్నీ చిరంజీవులే.

అంతకు దాదాపు నూరేళ్ల ముందు ప్రష్యాలో వోలర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల మీద పనిచేస్తూ, బండి నడుస్తున్నప్పుడు ఇరుసు ఎంత వంగుతోందో కొలిచే పరికరం తనే తయారుచేసుకున్నాడు. పాపం, ఎన్.ఏ. అని రాసుకుంటే సరిపోతుందని ఆయనకు చెప్పే నాథుడు లేకపోయాడు.

తమరి భక్తులు తరచూ చెప్పే మాట ఒకటుంది: “కోడ్‌లో సైకిళ్ల మీద ఇరవై రెట్ల మార్జిన్ ఉందండీ!” ఉంది, కానీ అదేమీ ఇనాముగా ఇచ్చింది కాదు. పరీక్షల ఫలితాల్లో చెదురు 2, సైజుకు 2.5, ఉపరితలానికీ చుట్టూ ఉన్న వాతావరణానికీ 4, గుణిస్తే 20. ల్యాబులో నున్నగా పాలిష్ పట్టిన కడ్డీకీ, వానకు తడిసే మన డొక్కుకీ మధ్య దూరం అది. అందులో మళ్లీ మన వాటా ఏది?

ఇంకొందరు “పోనీ, ప్లేటు ఇంకో రెండు ఎం.ఎం. మందం వేద్దాం” అంటారు. ప్రెషర్‌కైతే మంచిదే. వేడికీ చలికీ మాత్రం ఎదురు తిరుగుతుంది: ప్లేటు లావయ్యేకొద్దీ లోపలికీ బయటికీ ఉష్ణోగ్రత తేడా పెరుగుతుంది. గట్టి స్టీలు తెచ్చినా వెల్డు అంచుకు పెద్దగా పట్టదు. అక్కడ పనిచేసేది స్ట్రెస్ ఎంత ఊగుతోందన్నదే. ఆ ఊపు రెట్టింపైతే ఆయుష్షు సుమారు ఎనిమిదో వంతుకు దిగుతుంది.

చివరికి ఒకనాడు ఇన్సులేషన్ తడుస్తుంది. విప్పి, రుద్ది, డీపీ టెస్టుకు (పగుళ్లలోకి రంగు ఇంకించి చూసే పరీక్షకు) ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడతాం. రెండు నిమిషాలు ఏమీ ఉండదు. తర్వాత వెల్డు అంచు వెంబడి దారమంత ఎరుపు ఊరుతుంది, చూస్తుండగానే పొడుగవుతుంది. వెంటనే అందరి చూపూ వెల్డు పక్కనున్న వెల్డరు స్టాంపు మీదికి పోతుంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, వెల్డరు పిలవబడతాడు. హైడ్రో టెస్టు (నీళ్లు నింపి ప్రెషర్ పెట్టే పరీక్ష) పాసైంది కదా అని అతను మొత్తుకుంటాడు. నిజమే. కానీ ఆ టెస్టు ఒక్కసారి నొక్కి చూసింది, వెయ్యిసార్లు కాదు. రాత్రి షిఫ్టులో గ్రైండ్ చేసి, మళ్లీ వెల్డు చేసి, పొద్దుటికి స్టీమ్ ఇచ్చేస్తారు. పగులు ఎందుకొచ్చిందన్న గడిలో కూడా తమరే ఉంటారు.

ఈ నెల కొత్త రియాక్టర్ షీటు నా దగ్గరికొచ్చింది. ప్రొడక్షన్ వాళ్ల బ్యాచ్ రికార్డు తిరగేసి, ఏడాదికి ఎన్నిసార్లు వేడెక్కి చల్లారుతుందో, ఎన్నేళ్లు నడపాలో చూసి, తమరిని కొట్టేసి ఆ చోట ఒక అంకె రాసి పంపాను. మధ్యాహ్నానికల్లా పర్చేజ్ నుంచి ఫోన్: “ఏంటండీ ఈ నంబరు? ముగ్గురు వెండార్లూ డౌట్లు అడుగుతున్నారు. కొటేషన్లు పోల్చడానికి కుదరట్లేదు. పాతదే పెట్టి పంపండి, ఈరోజే పీవో రిలీజ్ చేయాలి.”

నేను మార్చలేదు. తమరి తరఫున వకాల్తా పుచ్చుకుని ఎవరైనా వస్తారేమో, రేపటి మీటింగుకు బ్యాచ్ రికార్డు జిరాక్సులు కూడా పట్టుకెళ్తున్నాను.

ఇట్లు,
డీపీ క్యాన్లు సంచిలో వేసుకుని తమరి వెనకాలే తిరిగే
ఒక ఇన్‌స్పెక్షన్ ఇంజినీరు