మామూలు టికెట్టుకు ఏమైంది?

సెలవు రోజున ఇంటిల్లిపాదీ సరదాగా బయటికెళ్లి, రాత్రి తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ ‘ఇంత ఖర్చు పెట్టాం, ఏం చూశాం?’ అనుకోవడం ఈ మధ్య ఎక్కువైంది. ఖరీదు పెరగడం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. అన్నీ పెరుగుతున్నాయి, ఇదీ పెరిగింది అనుకుంటాం. ఎక్కువ ఇచ్చి తక్కువ తెచ్చుకున్నామన్న బాధ మాత్రం అలా సర్దుకునేది కాదు. రెండు మూడు రోజులు మనసులో మెదులుతూనే ఉంటుంది.

పోయిన సెలవుల్లో పిల్లల్నీ అమ్మనీ తీసుకుని ఒక వినోదాల పార్కుకు వెళ్లాను. ఒక్కో రైడ్ దగ్గర ముప్పావు గంట, గంట క్యూ. మా పక్కనే తాడు కట్టి ఇంకో దారి పెట్టారు. అదనంగా డబ్బు కట్టినవాళ్లు అందులోంచి నేరుగా వెళ్లిపోతున్నారు. వాళ్లు వచ్చిన ప్రతిసారీ మా క్యూను ఆపేస్తున్నారు. ‘వాళ్లు మన తర్వాత వచ్చారు కదా, ముందు ఎందుకు పంపిస్తున్నారు?’ అని మా చిన్నది అడిగింది. ఈలోగా అమ్మ కాళ్లు నొప్పులంటే కూర్చోవడానికి చోటు వెతికాను. నీడలో ఉన్న కుర్చీలన్నీ ఏదో ఒక దుకాణానివే. ఏదైనా కొంటేనే కూర్చోనిస్తారు. చివరికి ఒక గోడ అంచున కూర్చోబెట్టాను. పొద్దున వెళ్లి సాయంత్రం దాకా ఉన్నాం, నాలుగు రైడ్లు ఎక్కాం. మా చిన్నదాని ప్రశ్నకు ‘వాళ్లు ఎక్కువ డబ్బు కట్టారమ్మా’ అని చెప్పి ఊరుకున్నాను. ఆ జవాబు తప్పు కాదు గానీ సగం జవాబే. మిగతా సగం తెలుసుకోవడానికి చాలా రోజులు చదవాల్సి వచ్చింది.

ముందు నిర్వాహకుల వైపు నుంచి చూద్దాం. ఖర్చులు పెరిగాయన్న వాళ్ల మాట నిజమే. విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1966లోనే దీనికి ఒక వివరణ ఇచ్చారు. వాళ్లు పరిశీలించింది నాటకం, సంగీతం, నృత్యం లాంటి ప్రదర్శన కళలను. రెండొందల ఏళ్ల కిందటి సంగీతకారుడు బేతోవెన్ కాలంలో ఒక కచేరీకి నలుగురు వాద్యకారులు కావాల్సి వస్తే ఇప్పుడూ నలుగురే కావాలి. అరగంట పట్టే రచనను పది నిమిషాల్లో వాయించేయలేరు. ఫ్యాక్టరీలో మాత్రం యంత్రాలు మారేకొద్దీ ఒక్క మనిషి చేసే పని ఎన్నో రెట్లు పెరిగింది, జీతాలూ పెరిగాయి. ఆ జీతాలతో పోటీపడి కళాకారులకూ సిబ్బందికీ ఇవ్వాలి కాబట్టి కచేరీ ఖర్చు మిగతా సరుకుల కంటే వేగంగా పెరుగుతూ పోతుంది. మనుషులు మనుషులకు చేసే ప్రతి పనికీ ఇది వర్తిస్తుంది. వడ్డించడం, దారి చూపడం, శుభ్రం చేయడం, ఆడి పాడి చూపించడం అన్నీ అందులోవే. వీటి మీద అద్దెలు, కరెంటు, బీమా ఖర్చులు ఉండనే ఉన్నాయి.

కాబట్టి ధర పెరగడం దానంతటదే దోపిడీ అని నేను అనను. కానీ బామోల్ వివరణ చెప్పేది ధర ఎందుకు పెరుగుతుందో మాత్రమే. పెరిగిన ధర కట్టినవాడికి మునుపటి కంటే తక్కువ ఎందుకు దక్కుతోందో అది చెప్పదు. నలుగురి జీతాలు పెరిగాయి, సరే. మరి అక్కడ ఇద్దరే ఎందుకు కనిపిస్తున్నారు? మా అమ్మ కూర్చోవాల్సిన బల్ల ఏమైంది?

దీనికి జవాబు నాకు ఒక పాత రైలు కథలో దొరికింది. 19వ శతాబ్దం నడుమ ఫ్రాన్స్‌లో కొన్ని రైళ్ల మూడో తరగతి పెట్టెలకు పైకప్పు ఉండేది కాదు. కూర్చోవడానికి చెక్క బల్లలు. ఎండకు ఎండి, వానకు తడుస్తూ పోవాలి. జూల్ డ్యుపుయీ అనే ఇంజనీరు 1849లో దీని గురించి రాస్తూ, కప్పు వేయడానికి అయ్యే కొద్దిపాటి డబ్బు కోసం కంపెనీలు ఇలా చేయడం లేదని తేల్చాడు. మూడో తరగతి సౌకర్యంగా ఉంటే రెండో తరగతి టికెట్టు కొనగలిగినవాళ్లు కూడా అందులోనే ఎక్కేస్తారు. వాళ్లను భయపెట్టి పై తరగతికి పంపడానికి కింది తరగతిని కావాలని అలా ఉంచారు. పేదవాళ్లను బాధపెట్టాలని కంపెనీకి లేదు, డబ్బున్నవాళ్లను బెదరగొట్టడమే దాని ఉద్దేశం. వానలో తడిసేది మాత్రం పేదవాళ్లే.

ఇది చదివాక పార్కులో తాడు కట్టిన ఆ రెండో దారి నాకు వేరేగా కనిపించింది. ఒక రైడ్ గంటకు ఎంతమందిని ఎక్కించగలదో ఆ లెక్క మారదు. డబ్బు కట్టినవాళ్ల కోసం అందులో కొన్ని సీట్లు పక్కన పెడితే మామూలు క్యూ అంత మేరకు నెమ్మదిస్తుంది. అసలు మామూలు క్యూ పది నిమిషాల్లో అయిపోతే రెండో దారి టికెట్టు ఎవరు కొంటారు? అది అమ్ముడుపోవాలంటే ఇవతలివాళ్లు గంటసేపు నిలబడి ఉండాలి, నిలబడ్డట్టు అందరికీ కనపడాలి కూడా. మేం క్యూలో కాచుకున్న గంట ఆ రెండో టికెట్టుకు ప్రకటనలా పనిచేసింది. మా చిన్నదానికి నేను చెప్పలేకపోయిన మిగతా సగం ఇదే.

ఎప్పుడూ ఇలాగే లేదని చెప్పడానికి డిస్నీ పార్కులే ఉదాహరణ. 1999లో అక్కడ ఫాస్ట్‌పాస్ అనే పద్ధతి మొదలుపెట్టారు. ఒక సమయం రాసిన చీటీ తీసుకుంటే ఆ వేళకు వచ్చి పెద్దగా క్యూ లేకుండా రైడ్ ఎక్కవచ్చు. లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అది ఉచితం. 2021లో అమెరికాలోని ఆ పార్కుల్లో దాన్ని తీసేసి, అదనపు రుసుముతో కొనుక్కునే పద్ధతి తెచ్చారు. రైడ్లు అవే, జనమూ వాళ్లే. టికెట్టులో భాగంగా దొరికే సౌకర్యాన్ని విడదీసి, దానికి వేరే ధర కట్టారు. విమానాల్లో సీటు ఎంచుకోవడం, పెట్టె తీసుకెళ్లడం కూడా ఇలాగే టికెట్టు నుంచి విడిపోయాయి. మొదట చేసింది విమానయానమే కావచ్చు, ఇప్పుడు సరదాల లోకమంతా అదే దారి పట్టింది.

పేరు మార్చి అమ్మడం ఇంకొక పద్ధతి. 2024లో ఒయాసిస్ అనే రాక్ సంగీత బృందం మళ్లీ కలిసి కచేరీలు చేస్తామనగానే బ్రిటన్‌లో లక్షలమంది ఆన్‌లైన్ క్యూల్లో గంటల తరబడి కాచుకున్నారు. కొన్ని సీట్లకు ‘ప్లాటినం’ అని పేరు పెట్టి మామూలు టికెట్టు కంటే దాదాపు రెండున్నర రెట్లకు అమ్మారనీ, వాటిలో అదనంగా ఏ సౌకర్యమూ లేదన్న సంగతి కొనేవాళ్లకు సరిగా చెప్పలేదనీ అక్కడి పోటీ, మార్కెట్ల నియంత్రణ సంస్థ 2025 మార్చిలో అభ్యంతరం చెప్పింది. చాలాసార్లు అవి స్టేడియంలో మామూలు సీట్లున్న భాగంలోనివే. మంచి సీటుకు ఎక్కువ ధర పెడితే ఎవరూ కాదనరు. పేరొక్కటే మంచిదైతే ఎలా?

నాణ్యత తగ్గేది సరిగ్గా ఎక్కడో కూడా చూడాలి. ఫిలిప్ నెల్సన్ అనే ఆర్థికవేత్త 1970లో సరుకులను రెండు రకాలుగా విడదీశాడు. కొనకముందే చూసి, పోల్చి తేల్చుకోగలిగేవి ఒక రకం. అనుభవించాక గానీ మంచిచెడ్డలు తెలియనివి రెండో రకం. సరదాగా బయటికెళ్లడం పూర్తిగా రెండో రకం. సినిమా హాల్లో తెర మసకగా ఉందా, బాత్రూం శుభ్రంగా ఉందా, ఏదైనా తేడా వస్తే అడగడానికి మనిషి ఉన్నాడా అన్నది టికెట్టు కొనే వేళ ఫోన్‌లో కనపడదు. కనపడేది ధర, ఫొటోలు. అందుకే కోతలన్నీ కనపడనిచోట పడతాయి. సిబ్బందిని తగ్గిస్తారు, మరమ్మతులు వాయిదా వేస్తారు. ముందుండే అద్దాలు, లైట్లు మాత్రం తళతళలాడుతుంటాయి.

సిబ్బందిని తగ్గించినచోట మన కోపం ఎవరి మీద పడుతుందో గమనించారా? నలుగురి పని ఒక్కడే చేస్తున్న కుర్రాడి మీద. ఆలస్యానికి కారణం అతను కాదు, ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లు అక్కడ ఉండరు. నేనూ ఒకటి రెండుసార్లు అలా విసుక్కున్నాను, తర్వాత చాలా బాధపడ్డాను.

ధర పూర్తిగా చెప్పకపోవడం మీద ఒక మంచి ప్రయోగం జరిగింది. స్టబ్‌హబ్ అనే టికెట్ల వెబ్‌సైట్ 2015లో కొందరికి ఫీజులన్నీ కలిపిన ధరను మొదటే చూపించింది. మిగతావాళ్లకు చివరి మెట్టు దాకా వెళ్లాక ఫీజులు చూపించింది. చివర్లో చూసినవాళ్లు సుమారు 21 శాతం ఎక్కువ ఖర్చు పెట్టారు. అంతసేపు వెతికి, సీటు ఎంచుకుని, ఇంట్లోవాళ్లకు చెప్పేశాక వెనక్కి రావడానికి మనసొప్పదు. పిల్లలు పక్కన ఉంటే అసలే రాలేం. దీన్ని అడ్డుకోవచ్చని కూడా తేలింది. ప్రదర్శనల టికెట్లకు, హోటల్ గదులకు మొత్తం ధర ముందే చూపాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన నియమం 2025 మే నుంచి అమల్లోకి వచ్చింది. ధర తగ్గించమని ఏ చట్టమూ చెప్పకపోయినా, ఉన్న ధర మొదట్లోనే చెప్పమని అడగడం సాధ్యమే.

సినిమాకు ముందు వేసే ప్రకటనల సంగతి మరీ అన్యాయం. టికెట్టు మీద ఒక సమయం వేస్తారు, బొమ్మ పడేది ఎప్పటికో. ఆ మధ్య సమయానికి డబ్బు ఇచ్చింది నేను. అదే సమయాన్ని ప్రకటనల కంపెనీకి ఇంకోసారి అమ్ముకుంటున్నారు. ఇంట్లో ప్రకటనలు వస్తే లేచి తిరగొచ్చు. హాల్లో చీకట్లో కూర్చుని చూడాల్సిందే.

ఇంత చెబితే చాలామంది అనే మాట ఒకటుంది: అంత ఇబ్బందైతే ఇంట్లోనే చూసుకోవచ్చు కదా, చేతిలో ఫోన్ ఉంది, గోడకు పెద్ద టీవీ ఉంది అని. ఈ మాట నాకు నచ్చదు. మనం బయటికెళ్లేది బొమ్మ చూడడానికి మాత్రమే అయితే అది సరిపోయేది. ముక్కూమొహం తెలియని రెండొందల మందితో కలిసి ఒకేచోట నవ్వడం, పక్క కుటుంబం పిల్లాడు మన పిల్లాడితో ఆడుకోవడం, ముసలివాళ్లు వచ్చేపోయే జనాన్ని చూస్తూ కూర్చోవడం ఇవన్నీ ఇంట్లో దొరికేవి కావు. రే ఓల్డెన్‌బర్గ్ అనే సామాజికవేత్త 1989లో ఇల్లు, పని చేసే చోటు కాక మనిషికి మూడో చోటు ఒకటి కావాలని చెప్పాడు. ఆ చోటుకు ఆయన చెప్పిన లక్షణాలు చాలా మామూలువి. ఎవరైనా రాగలగాలి, హోదా అడ్డు రాకూడదు, మాట్లాడుకోవడమే ప్రధానంగా ఉండాలి. గంట లెక్కన ఖాళీ చేయించే చోటు, కొననిదే కూర్చోనివ్వని చోటు ఇందులోకి రావు.

జనం ఇంట్లో ఉండిపోతే ఏమవుతుందో చూస్తున్నాం. వచ్చేవాళ్లు తగ్గితే, ఉన్న ఖర్చంతా వచ్చిన కొద్దిమంది మీదే పడుతుంది. ధర మళ్లీ పెరుగుతుంది, ఇంకొంతమంది మానుకుంటారు. ముందు మానుకునేది పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లు, సొంత సంపాదన లేని కుర్రకారు, ముగ్గురు నలుగురు పిల్లలున్న కుటుంబాలు. మిగిలినవాళ్లు కూడా నెలకోసారి వెళ్లేది ఆరు నెలలకోసారి వెళ్తారు. నెలకోసారి వెళ్లినప్పుడు ఒకరోజు బాగాలేకపోతే పోనీలే అనుకునేవాళ్లం. ఆరు నెలలు దాచుకుని వెళ్లిన ఒక్క రోజు మీద ఎంత ఆశ, ఎంత టెన్షన్! పిల్లాడికి జ్వరం రాకూడదు, వాన పడకూడదు, క్యూ ఉండకూడదు. సేద తీరడానికి వెళ్లే చోటుకు పరీక్షకు వెళ్లినట్టు వెళ్తున్నాం. నాణ్యత తగ్గిందని మనకు ఇంత గట్టిగా అనిపించడంలో దీని పాత్ర చాలా ఉందని నా నమ్మకం.

తక్కువ ధర టికెట్టు అధ్వానంగానే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. లండన్‌లో 1895లో మొదలైన ప్రామ్స్ అనే పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీలను చూడండి. ఇప్పుడు రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరుగుతున్నాయి. అక్కడ చవక టికెట్టు కొన్నవాళ్లు నిలబడి వినాలి, నిజమే. కానీ ఆ నిలబడే చోట్లలో ప్రధానమైనది ఎక్కడో వెనక మూలన కాదు, హాలు నడిమధ్యన, వేదికకు ఎదురుగా ఉంటుంది. ఖరీదైన సీట్లలోని వాళ్ల కంటే వాద్యబృందానికి దగ్గరగా ఉండేది వీళ్లే. డ్యుపుయీ చెప్పిన రైలు పెట్టెకు ఇది పూర్తిగా వ్యతిరేకం. నిలబడలేనివాళ్లు, కూర్చోవాలనుకునేవాళ్లు ఎక్కువ ఇచ్చి సీటు కొంటారు. అలా కొనిపించడానికి కిందివాళ్లను వానలో తడపాల్సిన అవసరం రాలేదు. అదే బ్రిటన్‌లో జాతీయ మ్యూజియంలకు 2001 డిసెంబరులో ప్రవేశ రుసుము తీసేశారు. అంతకుముందు డబ్బు తీసుకున్న మ్యూజియంలకు వచ్చేవాళ్ల సంఖ్య పదేళ్లలో రెట్టింపు దాటింది. జనానికి ఆసక్తి పోయిందని, అందరూ ఫోన్లలో మునిగిపోయారని మనం తొందరపడి తీర్పు చెప్పేస్తుంటాం. తలుపు దగ్గర అడ్డు తీస్తే వచ్చేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ లెక్క చూస్తే తెలుస్తుంది.

అందుకని నేను అడిగేది ధరలు తగ్గించమని కాదు, మామూలు టికెట్టుకు ఒక కనీస మర్యాద ఇవ్వమని. రెండో దారి పెడితే అందులోకి గంటకు ఎంతమందిని పంపుతారో, దానివల్ల మామూలు క్యూ ఎంత పెరుగుతుందో టికెట్టు కొనేచోటే రాయాలి. సినిమా నిజంగా మొదలయ్యే సమయం టికెట్టు మీద ఉండాలి. ఫీజులన్నీ కలిపిన ధర మొదటి పేజీలోనే కనపడాలి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మేం వెళ్లిన పార్కువాళ్లకు పోయిన వారం ఇవన్నీ రాసి పంపాను. నీడలో నాలుగు బల్లలు, ఏమీ కొనకపోయినా కూర్చోనిచ్చేవి వేయమని చివర్లో ఒక వాక్యం కలిపాను. ఆ వాక్యం అమ్మ చెప్పి రాయించింది.