సార్ తాగితే సర్దుకుపోవాల్సింది స్టాఫేనా?

తాగి డ్యూటీకొచ్చే మేనేజర్‌ను కాపాడుకోవడం కూడా స్టాఫ్ పనేనట. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో పనిచేస్తాను, పేరు వద్దు. మా సార్ మధ్యాహ్నం భోజనమయ్యాక స్టీలు ఫ్లాస్కు తెరుస్తాడు. మూడు దాటితే మనిషి మారిపోతాడు. కోతల సీజన్‌లో గేటు బయట లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. మొన్న ఐకేపీ కేంద్రంలో, అంటే సర్కారు తరఫున వడ్లు కొనే చోట, తూకమై వచ్చిన లోడుకు తేమ మిషన్ పెడితే 16 చూపించింది. రూలు ప్రకారం 17 శాతం దాకా తీసుకోవాలి. సార్ మిషన్ వంక కూడా చూడలేదు. "పచ్చిగున్నయ్, బస్తాకు మూడు కిలోలు కొట్టు" అన్నాడు. లోడు వెంటే వచ్చిన రైతు అదేందని అడిగితే నోటికొచ్చిన బూతులు తిట్టాడు. తండ్రి వయసు మనిషి, తలకు చుట్టుకున్న టవల్ తీసి చేతిలో పట్టుకుని అట్లనే నిలబడ్డాడు. నేను పుస్తకంలో మిషన్ చూపిన అంకే రాశాను. తరుగు రాయాలంటే మీరే రాసి సంతకం పెట్టండి సార్ అన్నాను. మర్నాడే నన్ను కాంటా దగ్గర నుంచి తీసి గోదాంలో వేశారు.

దీనికి సీనియర్లు చెప్పే మాట, "తాగకపోతే దేవుడయ్యా, జర ఓపిక పట్టు." రాత్రి పదింటికి ఆడపిల్లలకు ఫోన్ చేసి పిచ్చి మాటలు మాట్లాడినా అదే మాట. మైకంలో చేసిండు, పొద్దునకు గుర్తుండదు అంటారు. మరి అదే మైకంలో ఓనర్ ఫోన్ వస్తే లేచి నిలబడి "అన్నా, చెప్పన్నా" అని ఎంత మర్యాదగా మాట్లాడతాడో మీరూ చూశారు కదా? ఒక్కసారైనా ఓనర్‌ను తిట్టాడా? ఎవరిని తిట్టాలో, ఎవరికి భయపడాలో తెలిసేంత తెలివి ఆ మత్తులో కూడా ఉంది. అందుకే ఆ సాకు నేను ఒప్పుకోను.

తాగుడు జబ్బే. ఆయన భార్య సాయంత్రం మాకు ఫోన్ చేసి "తమ్మీ, సార్ తిన్నడా?" అని అడిగినప్పుడు నిజంగా కడుపు తరుక్కుపోతుంది. ఆ ఇంటికి సాయం కావాలి. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం ఉంటుంది. కల్తీ కల్లు దొరకనప్పుడు పాలమూరు పల్లెల్లో ఏమవుతుందో మనకు తెలియంది కాదు. కాబట్టి బలవంతంగా మాన్పించకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. 14416కు, అంటే టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. జబ్బుకు మందు ఇప్పిద్దాం. కానీ రైతును తిట్టినందుకు, ఆడపిల్లను వేధించినందుకు ఆయన జవాబు చెప్పాల్సిందే.

పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద ఆడవాళ్ల కోసం 2013లో చట్టమే వచ్చింది. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట ఈ ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ పెట్టాలి. పెట్టకపోతే యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా. మా చుట్టుపక్కల మిల్లుల్లో ఆ కమిటీ పేరు విన్నవాళ్లే నాకు కనిపించలేదు. పదిమంది లేకపోయినా, తప్పు చేసింది యజమానే అయినా, జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు ఇస్తారు. అందుకే వాట్సాప్ మెసేజ్‌లు, కాల్ లిస్టు డిలీట్ చేయకండి. ఏ రోజు ఏం జరిగిందో, పక్కన ఎవరున్నారో అదే రోజు రాసి పెట్టుకోండి. మగవాళ్లకు ఒక మాట: సార్ తాగి ఉన్నప్పుడు "కోదాడ దాకా పోయొద్దాం రా" అంటే మొహమాటపడి కారెక్కకండి. హైవే మీద పోయేది మీ ప్రాణం.

"సీజన్ అయిపోనీ, చూద్దాం" అంటారు ఓనర్లు. వానాకాలం పోతే యాసంగి, సీజన్ ఎప్పుడైపోతుంది? ఆయన లేకపోతే మిల్లు నడవదనే భయంతో మీరు ఊరుకుంటున్నారు. ఆయన్ను తట్టుకోలేక పోయిన ఆపరేటర్లను, గుమాస్తాలను లెక్కేసుకున్నారా?

ఎవరి వివరాలూ ఇక్కడ రాయను, రాయకూడదు కూడా. మా మిల్లు వాళ్లు ఈ పోస్ట్ చదువుతారని తెలిసే రాస్తున్నాను. మీలో ఎవరు కమిటీకి పోయినా సాక్షిగా నేనొస్తాను. తేమ పుస్తకంలో నా రాత కూడా ఉంది.