కొబ్బరి చెట్లు నరికెయ్యమంటున్న ఆ మెసేజ్ గురించి

కోనసీమ కొబ్బరిని విదేశీ తెల్లదోమ మింగేస్తోందనే మెసేజ్ ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది, ఊరి గ్రూపులో వచ్చింది, ఆఖరికి చిట్టీల గ్రూపులో కూడా వచ్చింది. పైగా టీవీ క్లిప్ ఒకటి, ఆ మ్యూజిక్ వింటే దోమ కాదు యుద్ధవిమానాలు దిగాయనుకోవాలి.

బొండాం నీళ్ళు తాగితే రోగాలట. ఆకు అడుగున కూర్చుని రసం పీల్చే దోమ కాయలోకెలా దూరుతుందండీ? తాగండి.

శత్రుదేశం వదిలిందట. మధ్య అమెరికా పురుగు అది, 2004లో బెలీజ్‌లో దొరికినవాటిని చూసి పేరు పెట్టారు, మన దేశంలో 2016లో పొల్లాచ్చి వైపు బయటపడింది. మొక్కల్తో పాటే తిరుగుతుంది, కుట్ర అక్కర్లేదు.

చెట్లన్నీ రెండేళ్ళలో చస్తాయి, నరికి వేరే పంట వేస్కోండట! గోదావరి జిల్లాలకొచ్చి ఎన్నేళ్ళయింది, చెట్లు నిలబడే ఉన్నాయిగా. జిగురు కారి మట్టల మీద మసి పడుతుంది, కింద అరటీ కోకో కూడా నల్లబడతాయి, టీవీ వాళ్ళు ఆ మట్టనే జూమ్ చేస్తారు. దిగుబడి తగ్గుతుంది, కాదనను, కానీ గట్టి వానలు పడితే దోమ దానంతటదే తగ్గుతుంది. నిజంగా చెట్టుని చంపే ఎర్రముక్కు పురుగు మీద మాత్రం ఒక్క ఫార్వర్డూ రాదు, పాపం అది ఫారిన్ది కాదు కదా.

ఇక అసలు ఘోరం, మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు డబల్ డోసు కొట్టమనడం. ఈ దోమకి ఎన్కార్సియా అని ఓ బుల్లి కందిరీగ శత్రువుంది, దోమ పిల్లల్లోనే గుడ్డు పెట్టి లోపల్నుంచి తినేస్తుంది. ఆకు తిప్పి భూతద్దం పెట్టి చూడండి, దోమ పిల్ల పెంకుకి గుండ్రటి చిల్లుంటే అది పని ముగించుకుని బయటికొచ్చినట్టే. మీరు మందు కొడితే ముందు చచ్చేది అదీ, ఆకు అడుగున మైనం కప్పుకున్న దోమ మిగిలిపోయి ఈసారి అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతుంది. అంతెత్తు చెట్టుకి కిందనుంచి కొడితే సగం మందు కొట్టేవాడి మొహానే పడుతుంది, మిగతా సగం బొండాల మీద. అప్పుడు రోగాలొస్తాయి లెండి, మొదటి పాయింటు నిజమవుతుంది! కేరళ కాసరగోడ్‌లో కొబ్బరి మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ వాళ్ళూ, మన కోనసీమ అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్ళూ పురుగుమందులొద్దు మొర్రో అంటుంటే వినరు. ఫోర్సుగా నీళ్ళు కొట్టడం, పసుపు జిగురు అట్టలు, వేపనూనె, దోమకి రోగం తెప్పించి చంపే, అంబాజీపేటలో పెంచే ఇసారియా ఫంగసు, ఇవున్నాయి. వైరల్ అవ్వవు, అంతే.

అన్నిటికంటే కింద ఓ లైనుంది, నర్సరీ మొక్కలు ఆకు తిప్పి చూడకుండా తేవద్దని. ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళు కరెక్టు, కడియం మొక్కలు దేశమంతా వెళ్తాయి, దోమ కూడా అదే లారీ ఎక్కుతుంది. ఆ లైనొక్కటీ ఉంచి మిగతాది డిలీట్ చేసి ఎన్ని గ్రూపులకైనా పంపుకోండి, నేనేమీ అనను.