ఇప్పచెట్టు పక్కన హాప్స్ పందిరి

సిరొంచలో హాప్స్ ఎందుకని అడిగేవాళ్లకు దూరదృష్టి లేదు. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. బీరుకు చేదూ వాసనా ఇచ్చే పువ్వును పెంచడానికి ఇంతకన్నా పవిత్రమైన నేల ఎక్కడ దొరుకుతుంది?

మా బావమరిది నాలుగు రకాల దుంపలు తెచ్చాడు. ఎలా తెచ్చాడో అడక్కండి. అమెరికా కాస్కేడ్, చినూక్, ఇంగ్లండు ఫగుల్, చెక్ దేశపు సాజ్. పేర్లు ఐస్‌క్రీం పుల్లల మీద రాసి గుచ్చాడు. తీగ 20 అడుగులు పాకుతుందట, అందుకని మా అమ్మ చిక్కుడు పందిరి జాతి ప్రయోజనాల కోసం స్వాధీనమైంది. చిక్కుడు తీగ తాడును ఎటు చుట్టుకుంటుందో ఇది సరిగ్గా దానికి ఎదురు చుట్టుకుంటుంది. అమ్మ రోజూ విప్పి తిన్నగా చుట్టేది. తెల్లారేసరికి అది నేలమీద ఉండేది.

హాప్స్‌కు చలికాలంలో చల్లటి నిద్ర నప్పుతుంది, వేసవిలో పొడుగాటి పగళ్లు కావాలి. అందుకే మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ మంచుకొండల్లో వేశారు. మా ఊళ్లో ఎంత పెద్ద పగలైనా 13 గంటలు దాటి కొద్దిసేపే. ఈ లోపం సూర్యుడిది గానీ మా బావమరిదిది కాదు. రాత్రి ట్యూబ్‌లైటు వెలిగించాడు. ఊళ్లో పురుగులన్నీ వచ్చాయి. ఫ్రిజ్‌లో ఐసంతా మొక్క మొదట్లోకి పోయింది, మే నెలంతా ఇంటిల్లిపాదీ వేడి మజ్జిగ తాగాం.

పెరటి మూల ఇప్పచెట్టు ఒకటుంది. నీళ్లు పోసేవాడు లేడు, పుల్ల మీద పేరు లేదు. వేసవి రాగానే తెల్లవారుజామున పువ్వు దానంతటదే రాలుతుంది. కష్టం లేని పంటను వ్యవసాయం అంటామా? దాని వాసన మావాడికి కంపు. హాప్స్‌దైతే అరోమా. ఇంకా పూయలేదు, అది వేరే సంగతి.

పక్కింటి అవ్వ ఇప్పపువ్వు ఏరుకుంటూ అడిగింది:

"గిదేం తీగ బిడ్డా? కూరకా?"

"మందుకు, అవ్వా."

"అయితే నా మోకాళ్లకు గింత ఉంచు."

ఫగుల్ ఎండకు పోయింది. మిగతావి చిగుళ్లే వేశాయి. బెల్జియంలో ఈ చిగుళ్లు ఖరీదైన కూర అని మావాడు ప్రకటించగానే అమ్మ మూడు రకాలూ తుంచి ఒకే పెసరపప్పులో వేసింది. అవ్వకూ ఒక గిన్నె పంపాం. తినాలా, మోకాళ్లకు రుద్దుకోవాలా అని కబురు పెట్టింది.