బేస్ కావాలా? కుర్చీ మాత్రం జరపకండి

స్టీరియోలో బేస్, అంటే పాటలోని దిగువ స్వరాలు, రావడం లేదని కుమిలిపోతున్న గృహస్థులకు ముందుగా ఒక హెచ్చరిక. పైసా ఖర్చు లేకుండా బేస్ పెంచే చిట్కాలు చెప్పేవాళ్లు ఎక్కువైపోయారు. వాళ్ల మాట వినకండి. వింటే నిజంగానే బేస్ వస్తుంది. వచ్చాక కొత్త ఆంప్లిఫయర్ ఎందుకో ఇంట్లో ఏమని చెబుతారు?

స్పీకర్ వైర్ల సంగతే చూడండి. రెండు స్పీకర్లలో ఒకదానికి ఎరుపు, నలుపు తారుమారైతే ఒక కోను (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే గరాటు లాంటి భాగం) ముందుకొచ్చినప్పుడు రెండోది వెనక్కి పోతుంది. ఇది గాలిని నెడుతుంది, అది లాగేస్తుంది, మధ్యలో బేస్ హరీమంటుంది. నేను ఎనిమిది నెలలు అలాగే విన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆ ఎనిమిది నెలల్లో ఇంకో ఆంప్లిఫయర్, లావుపాటి వైర్లు కొన్నాను. ఆ లావు వైర్లను కూడా ఎంతో శ్రద్ధగా, అదే తప్పుతో బిగించాను. చివరికి దుమ్ము దులుపుతూ స్పీకర్ వెనక్కి తిప్పిన మా ఆవిడ, "ఏమండీ, ఈ ఎర్ర వైరు నల్లదాంట్లో ఉండాలా?" అంది. రెండు నిమిషాల పని. ఆ రాత్రి బేస్ వచ్చింది, పరువు పోయింది.

ఇంతకంటే ప్రమాదకరమైనది కుర్చీ. 40 హెర్ట్జ్, అంటే సెకనుకు 40 సార్లు కంపించే బేస్ స్వరం, దాని శబ్దతరంగం పొడవు దాదాపు 8.6 మీటర్లు. మన గదులేమో అందులో సగం. పాపం, ఆ తరంగం గోడల మధ్య ఇరుక్కుని ఒకచోట ఉబ్బుతుంది, ఒకచోట మాయమవుతుంది. 4 మీటర్ల పొడవున్న గదిలో 43 హెర్ట్జ్ దగ్గరి స్వరాలు గోడల పక్కన దద్దరిల్లి, సరిగ్గా నడిమధ్యలో నీరుగారిపోతాయి. మనం దర్జాగా సోఫా వేసుకునేది అక్కడే. ఒక మీటరు వెనక్కి జరిగితే తేడా తెలుస్తుంది. కానీ జరగడానికి బిల్లు ఇవ్వరు, వారంటీ ఇవ్వరు. అలాంటిదాన్ని అప్‌గ్రేడ్ అని ఎవరైనా అంటారా?

బేస్ నాబ్ ఉందిగా అంటారేమో. 6 డెసిబెల్స్ పెంచితే ఆంప్లిఫయర్ ఆ స్వరాలకు నాలుగు రెట్లు పవర్ ఇవ్వాలి. అరచేయంత స్పీకర్ కోను ఆ దెబ్బకి ఫట్‌ఫట్‌మంటుంది. దాన్నే బేస్ అనుకుని తల ఊపేవాళ్లూ ఉన్నారు, వాళ్లే సుఖపడతారు. గోడలకు పల్చటి ఫోము అతికించడం మాత్రం నాకు ఇష్టమైన మార్గం. అది పై స్వరాలను మింగుతుందే తప్ప బేస్ జోలికి పోదు. డబ్బు ఖర్చవుతుంది, సమస్య అలాగే భద్రంగా ఉంటుంది.

ఇక సబ్‌వూఫర్, అంటే బేస్ కోసమే ఉండే స్పీకర్, ఎక్కడ పెట్టాలో తేల్చే పద్ధతి చెప్పాలంటేనే సిగ్గేస్తుంది. సబ్‌వూఫర్‌ని మనం కూర్చునే సోఫాలో కూర్చోబెట్టి, బేస్ బాగా ఉన్న పాట పెట్టి, మనం గోడల వెంబడి నేలమీద పాకుతూ వినాలి. ఎక్కడ గుయ్యిమనకుండా నిండుగా వినిపిస్తే అక్కడ దాన్ని పెట్టాలి. ఇంటి యజమానినైన నేను మోకాళ్ల మీద, చెవి నేలకి ఆనించి పాకుతుంటే మా చిన్నాడు ఏనుగాట అనుకుని వీపెక్కాడు. సోఫాలో సబ్‌వూఫర్ కాలు మీద కాలేసుకున్నంత ఠీవిగా ఉంది. అలా రెండు చుట్లు తిరిగాక దొరికింది, గదంతటిలో బేస్ అద్భుతంగా ఉన్న ఒకే ఒక్క చోటు. సరిగ్గా తలుపు తెరుచుకునే చోట.

హమ్మయ్య అనిపించింది. తలుపుని అవతలి గోడకి మార్చడానికి ఎంతవుతుందో చెప్పమని మేస్త్రీకి కబురు పెట్టాను.